చైనా మూలికల కషాయం సరిగ్గా కాచుకోవడం, తాగడం ఎలా: అరుగుదల, బరువు కోసం అడుగడుగునా మార్గదర్శి

సింగపూర్, మలేషియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. "చైనా వైద్యుడు మూలికలు పొట్లాలు కట్టి ఇచ్చాడు. ఎలా కాచాలి? తిన్నాక తాగాలా, పరగడుపున తాగాలా? వీటితో బరువు తగ్గుతుందా?" జవాబులన్నీ వరుసగా ఒకచోట పెడుతున్నాను. వరుస తప్పకుండా చదవండి. పొయ్యి వెలిగించడానికి ముందు చేయాల్సిన పనులే ఎక్కువ.

## 1. అరుగుదల కోసమా, బరువు కోసమా? ముందు తేల్చుకోండి

తిన్నాక ఉబ్బరం, తేన్పులు, ఆకలి మందగించడం, విందు భోజనం తర్వాత కడుపు బరువు. చైనాలో మూలికలను ఎక్కువగా వాడేది ఇలాంటి ఇబ్బందులకే. మీ సమస్య ఇదైతే ఈ దారి మీకు పనికొస్తుంది.

బరువు తగ్గడమొక్కటే లక్ష్యమైతే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మూలికల మీద ఆశ పెట్టుకోవద్దు. కొవ్వును కరిగించి బయటికి పంపే మూలిక లేదు. నెలలో ఐదారు కిలోలు తగ్గించే "మూలికా మందు" ఏదైనా ఉందంటే, అది విరేచనాలు పట్టించో, గుండె వేగం పెంచో, ఆకలి చంపో ఆ పని చేస్తుంది. దాని గురించి 9వ భాగంలో వివరంగా రాశాను.

అరుగుదల కుదుటపడితే వేళకు ఆకలి వేస్తుంది, రాత్రి భోజనం ముందుకు జరుగుతుంది, చిరుతిళ్లు తగ్గుతాయి. బరువు విషయంలో కషాయం చేసే సాయం అంతవరకే. మిగతాది కంచంలో, నడకలో ఉంది.

కొలత కోసం గుర్తుపెట్టుకోండి. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 లోపు ఉండాలి.

## 2. ముందు ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు

కింద ఉన్నవాటిలో ఒక్కటి ఉన్నా మూలికల దుకాణానికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

- ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతోంది
- మలంలో రక్తం, లేదా తారులా నల్లటి మలం
- మింగడం కష్టంగా ఉంది, వాంతులు ఆగడం లేదు
- రక్తహీనత ఉందని తేలింది
- నడివయసు దాటాక కొత్తగా అజీర్తి మొదలైంది

కషాయం అసలే మొదలుపెట్టకూడనివాళ్లు, లేదా తమ డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడనివాళ్లు వీళ్లు:

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు
- కిడ్నీ, కాలేయ జబ్బులు ఉన్నవాళ్లు
- రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు
- బీపీ, గుండె, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు
- రెండు వారాల్లో ఆపరేషన్ ఉన్నవాళ్లు
- పిల్లలు

పాలిచ్చే తల్లుల గురించి ఒక ముఖ్యమైన సంగతి. అరుగుదల మందుల్లో విరివిగా కనిపించే మైయా, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, చైనాలో పాలు ఆగిపోవడానికి కూడా వాడతారు. మామూలు ధాన్యమే కదా అనుకుని తాగేయవద్దు.

నెల రోజులకు మించి వాడే ఆలోచన ఉంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్ష, పొటాషియం చేయించుకుని ఆ కాగితం దాచుకోండి. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులున్న ప్రాంతం నుంచి వచ్చినవాళ్లయితే ఎన్ని రోజులు వాడినా సరే, ఈ పరీక్ష లేకుండా ఏ మూలికా మందూ ముట్టుకోవద్దు.

## 3. వారం రోజులు రాసి పెట్టండి, నాలుక చూడండి

చైనా వైద్యంలో జబ్బు పేరును బట్టి మందు ఉండదు. ఒకే ఉబ్బరానికి ఇద్దరికి రెండు వేరు చీటీలు రాస్తారు. లక్షణాల కూర్పును బట్టి మందు ఎంచుకుంటారు. అందుకే వైద్యుడి దగ్గరకు వెళ్లేముందు వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో ఇవి రాయండి.

- ఏం తిన్నారు, ఎన్ని గంటలకు
- ఉబ్బరం తినగానే వస్తుందా, రెండు గంటల తర్వాతా
- తేన్పులు పుల్లగా ఉన్నాయా, తిన్న వాసన వస్తోందా
- మలం గట్టిగా ఉందా, పలచగా ఉందా, జిగటగా ఉందా
- చల్లటివి పడటం లేదా, వేడివి పడటం లేదా
- కోపం, టెన్షన్ ఉన్న రోజున ఎక్కువవుతోందా
- నిద్ర, దాహం, చెమట
- వాడుతున్న మాత్రలన్నీ, విటమిన్లతో సహా

నాలుక పరీక్ష ఈ వైద్యంలో పెద్ద ఆధారం. మనవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. రోజూ పొద్దున్నే నాలుక బద్దతో గీకేస్తాం కాబట్టి వైద్యుడికి చూడటానికి ఏమీ మిగలదు. వెళ్లే రోజు నాలుక గీకకండి. కాఫీ, పసుపు వేసిన కూర, రంగు మిఠాయి తినకుండా వెళ్లండి, లేకపోతే పూత రంగు మారిపోతుంది. ఇంట్లో చూసుకోవాలంటే కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద రంగు సరిగ్గా తెలియదు.

మందమైన జిడ్డు పూత ఉంటే తిన్నది పేరుకుందనో, లోపల తేమ ఎక్కువైందనో లెక్కవేస్తారు. నాలుక లావుగా ఉండి అంచుల మీద పళ్ల గుర్తులు పడితే జీర్ణశక్తి బలహీనమని అర్థం చెప్పుకుంటారు. పసుపు పూత, నోటి దుర్వాసన, అతి ఆకలి కలిస్తే కడుపులో వేడి అంటారు. వైద్యుడు "మీ ప్లీహం బలహీనం" అన్నాడని స్కానింగ్‌కు పరుగెత్తవద్దు. వాళ్ల లెక్కలో అది అరుగుదల శక్తి మొత్తానికి పెట్టిన పేరు.

## 4. వైద్యుడిని ఎంచుకోవడం

చైనాలో అయితే చైనా వైద్య ఆసుపత్రుల ఓపీకి వెళ్లండి. సింగపూర్‌లో టీసీఎం (సంప్రదాయ చైనా వైద్యం) ప్రాక్టీషనర్స్ బోర్డులో పేరు నమోదై ఉండాలి. ఆస్ట్రేలియాలో చైనీస్ మెడిసిన్ బోర్డు రిజిస్టర్‌లో వెతకవచ్చు. మలేషియా, హాంకాంగ్‌లోనూ నమోదు పద్ధతి ఉంది. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి లైసెన్స్ మారుతుంది. అక్కడ సూదుల వైద్యానికి లైసెన్స్ ఉన్నవాళ్లందరూ మూలికల్లో శిక్షణ పొందినవాళ్లు కారు, కాబట్టి విడిగా అడగండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఆయుష్ పరిధిలో ఆయుర్వేదం, యోగా, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి. చైనా మూలికా వైద్యం లేదు. ఇక్కడ ఎవరైనా "చైనా వైద్యుడిని" అంటే, తప్పు జరిగినప్పుడు అడగడానికి మీకు ఒక రిజిస్టర్ లేదు. అలాంటి చోట కషాయం వాడకపోవడమే మంచిదని నేను చెబుతాను.

వైద్యుడిని తప్పకుండా అడగాల్సినవి:

- ఎన్ని రోజులకు రాశారు? (మొదటిసారి వారం రోజులకు మించి తీసుకోకండి)
- ఇందులో మాహువాంగ్ (ఎఫెడ్రా మొక్క), దాహువాంగ్ (విరేచనాలు పట్టించే వేరు), శుద్ధి చేయని బన్‌షియా (పచ్చిగా విషమైన గడ్డ) ఉన్నాయా?
- జంతు ద్రవ్యాలు ఉన్నాయా?
- నా మాత్రలకూ దీనికీ మధ్య ఎంత ఎడం ఉంచాలి?

శాకాహారులు మూడో ప్రశ్న మర్చిపోవద్దు. అరుగుదల మందుల్లో తరచుగా కనిపించే జీనెయ్‌జిన్ అంటే కోడి కందనకాయ లోపలి పొర. బలానికి రాసే ఎజియావ్ గాడిద చర్మం నుంచి తీసిన జిగురు. ముందే చెబితే వేరేది రాస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

## 5. చీటీని చదవడం

అరుగుదల చీటీల్లో ఎక్కువగా కనిపించే పేర్లు, చైనా ఔషధ కోశం పెద్దవాళ్లకు చెప్పే రోజు మోతాదు ఇవి:

- చెన్‌పి (ఎండి పాతబడిన కమలా తొక్క): 3 నుంచి 10 గ్రాములు
- షాన్‌జా (పుల్లటి ఎర్ర పండు, ఎండుముక్కలు): 9 నుంచి 12 గ్రాములు
- ఫూలింగ్ (పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే శిలీంధ్రపు గడ్డ): 10 నుంచి 15 గ్రాములు
- బైజూ (ఒక గడ్డ వేరు): 6 నుంచి 12 గ్రాములు
- షారెన్ (ఏలకుల కుటుంబానిదే): 3 నుంచి 6 గ్రాములు
- మైయా: 10 నుంచి 15 గ్రాములు
- గన్‌సావ్ (అతిమధురం): 2 నుంచి 10 గ్రాములు

బరువు గురించి జాగ్రత్త. చైనాలో ఇప్పుడు గ్రాముల్లోనే రాస్తారు. హాంకాంగ్, సింగపూర్, మలేషియా పాత దుకాణాల్లో ఇంకా చియెన్ అనే తూకం వాడతారు, అది సుమారు 3.75 గ్రాములు. చైనా పాత లెక్కలో అదే చియెన్ దాదాపు 3 గ్రాములు. పది చియెన్లు ఒక ల్యాంగ్. కానీ నేటి చైనా బజారులో కూరగాయలు తూచే ల్యాంగ్ 50 గ్రాములు. ఎవరో పంపిన పాత చీటీ పట్టుకుని బజారు లెక్కన తూపించుకుంటే మోతాదు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. గ్రాముల్లో రాయించుకోండి, అంతే.

చీటీలో మూలిక పేరు పక్కన చిన్న అక్షరాల్లో రాసిన సూచనలను వదిలేయవద్దు. కషాయం తరచుగా చెడిపోయేది వీటిని వదిలేయడం వల్లే.

ముందుగా కాచేవి (షియన్‌జియన్): గుల్లలు, రాళ్లు, ఫూజి లాంటి విషపు వేళ్లు. గుల్లలను అరగంట ముందు పెట్టాలి. ఫూజి మన వత్సనాభి జాతి. అది మీ చీటీలో ఉంటే ఇంట్లో కాచకండి, ఆసుపత్రిలోనే కాయించుకోండి.

చివర్లో వేసేవి (హౌషియా): షారెన్, పుదీనా లాంటి సువాసన ద్రవ్యాలు. దించే ముందు 5 నిమిషాలు చాలు.

మూటకట్టేవి (బావోజియన్): చెచియెన్‌జి లాంటి చిన్న గింజలు. ఇవి మన ఇసబ్గోలు జాతివే. పల్చటి గుడ్డలో వదులుగా కట్టకపోతే జిగురు వచ్చి అడుగంటుతుంది.

విడిగా కాచేవి (లింగ్‌జియన్): రెన్‌షెన్, అంటే జిన్సెంగ్. ఖరీదైంది కాబట్టి విడిగా సన్న మంట మీద కాచి, చివర్లో కలుపుతారు.

కరిగించేవి (యాంగ్‌హువా): జిగురు ద్రవ్యాలు. వడగట్టిన వేడి కషాయంలో కలిపి కరిగించాలి.

## 6. మూలికలు కొనేటప్పుడు

పొట్లం విప్పి దుకాణంలోనే చూడండి. ఫూలింగ్, బైజూ లాంటివి అసహజంగా తెల్లగా మెరుస్తూ, ముక్కుకు ఘాటుగా పుల్లటి వాసన కొడితే గంధకపు పొగ పట్టించారని అనుమానించాలి. మంచి చెన్‌పి ముదురు గోధుమ రంగులో, తీయని కమలా వాసనతో ఉంటుంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షిన్‌హుయి తొక్కకు పేరెక్కువ, కనీసం మూడేళ్లు పాతబడాలంటారు. అరుగుదలకు అంతకంటే పాతదాని కోసం వేలు పోయనక్కర్లేదు. ఇంట్లో ఒలిచిన కమలా తొక్క దీనికి బదులు కాదు, ముఖ్యంగా మైనం పూసి అమ్మే పండ్లది.

బన్‌షియా పచ్చిది గొంతును మండిస్తుంది, విషం. శుద్ధి చేసిన రకాలే లోపలికి వాడాలి. పొట్లం మీద ఫాబన్‌షియా, జియాంగ్‌బన్‌షియా, చింగ్‌బన్‌షియా అని ఉండాలి.

రెడీమేడ్ మాత్రలు కొంటే అనుమతి గుర్తు చూడండి. చైనా మందుల మీద "గువోయావో జున్‌జి" అన్న అక్షరాల తర్వాత జెడ్, ఆపైన 8 అంకెలు ఉంటాయి. నీలం టోపీ బొమ్మ ఉంటే అది ఆహార పూరకం, మందు కాదు. మలేషియా డబ్బాల మీద ఎంఏఎల్ నంబరు, హోలోగ్రామ్ ఉంటాయి. హాంకాంగ్‌లో హెచ్‌కేసీ నంబరు. ఏదీ లేకుండా వాట్సాప్‌లో, లైవ్ వీడియోల్లో అమ్మేది ఎంత చవకైనా వద్దు.

## 7. కాచడం

### కావాల్సినవి

- మట్టికుండ లేదా పింగాణీ, గాజు పాత్ర. లేకపోతే స్టీల్ గిన్నె
- వంటింటి తూకం, కొలగ్లాసు
- పల్చటి నూలు గుడ్డ, సన్న జల్లెడ
- టైమర్

ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. మూలికల్లోని వగరు పదార్థాలు వాటితో కలిసి రంగు, గుణం మారతాయి. ప్రెషర్ కుక్కర్ కూడా వద్దు: మధ్యలో మూత తీసి చివరి మూలికలు వేయడం కుదరదు. హాస్టల్ ఇండక్షన్ స్టౌ మీద మట్టికుండ వేడెక్కదు. అలాంటి చోట ఎలక్ట్రిక్ కషాయం కుండ కొనుక్కోండి, చైనాలో ఎక్కడైనా దొరుకుతుంది.

కొత్త మట్టికుండను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు గంజి కాచి పారబోయండి. సన్న రంధ్రాలు పూడుకుంటాయి. లోపల రంగురంగుల పూత ఉన్న అలంకారపు కుండలు వాడకండి. వేడి కుండను తడి గ్రానైట్ గట్టు మీద పెట్టకండి, పగులుతుంది.

### వరుస

ఒకటి. ఒక రోజు పొట్లాన్ని కుండలో పోయండి. దుమ్ముంటే ఒక్కసారి నీళ్లు పోసి వంచేయండి. బియ్యం కడిగినట్టు రెండు మూడుసార్లు పిసికి కడిగితే సారం పోతుంది.

రెండు. చల్లటి నీళ్లు పోయండి, మూలికల పైన రెండు మూడు సెంటీమీటర్లు నిలవాలి. వేడినీళ్లతో మొదలుపెట్టకండి. పైపొర బిగుసుకుని లోపలి సారం బయటికి రాదు.

మూడు. అరగంట నాననివ్వండి. గట్టి వేళ్లు, గింజలు ఎక్కువుంటే గంట. ఆకులు, పూలైతే ఇరవై నిమిషాలు చాలు. ఎండాకాలంలో రాత్రంతా నానబెట్టకండి, పులుస్తుంది. నానిన నీళ్లు పారబోయకండి, వాటితోనే కాచాలి.

నాలుగు. పెద్ద మంట మీద మరిగించండి. మరగగానే సన్న మంటకు తగ్గించి, మూత కొంచెం వారగా పెట్టండి. అరుగుదల మందులకు మరిగినప్పటి నుంచి 20 నుంచి 30 నిమిషాలు. బలానికి రాసిన మందులకు 40 నుంచి 60 నిమిషాలు. సువాసన ద్రవ్యాలు వేసిన తర్వాత మాత్రం మూత పూర్తిగా పెట్టండి.

ఐదు. వేడి మీదే వడగట్టండి. చల్లారితే సారం మళ్లీ పిప్పిలోకి ఇంకుతుంది. పిప్పిని గరిటెతో నొక్కి పిండండి.

ఆరు. అదే పిప్పిలో మళ్లీ మునిగేంత నీళ్లు పోసి, మరిగాక 15 నుంచి 20 నిమిషాలు కాచి వడగట్టండి.

ఏడు. రెండు విడతల కషాయాన్నీ కలిపి రెండు సమభాగాలు చేయండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కో భాగం 150 నుంచి 200 మిల్లీలీటర్లు ఉంటే సరిగ్గా వచ్చినట్టు. మొదటి విడత పొద్దున, రెండో విడత సాయంత్రం తాగడం సరికాదు. మొదటిది చిక్కన, రెండోది పలచన కాబట్టి మోతాదు ఎగుడుదిగుడవుతుంది.

సాయంత్రం భాగాన్ని గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు మరిగేదాకా వేడి చేయండి. మర్నాటికి దాచవద్దు.

గ్రాన్యూల్స్ పొడి ఇస్తే ఈ పని అంతా తప్పుతుంది, వేడినీళ్లలో కలిపి తాగడమే. కానీ దాని మోతాదు వేరు. మూలికల చీటీ చూసి గ్రాన్యూల్స్ సొంతంగా కొలుచుకోకూడదు.

## 8. తాగే వేళ, పథ్యం

తిన్నది అరగక పేరుకుంటే ఇచ్చేవి, షాన్‌జా, మైయా, షెన్‌చూ (పిండి, మూలికలు కలిపి పులియబెట్టినది) లాంటివి, తిన్న అరగంట నుంచి గంట తర్వాత. జీర్ణశక్తి పెంచడానికి ఇచ్చే బైజూ, దాంగ్‌షెన్ (బలానికి వాడే ఒక వేరు) కూర్పులు భోజనానికి ముందు. కడుపులో మంట ఉన్నవాళ్లు ఏదైనా తిన్నాకే తాగాలి. గోరువెచ్చగా, నెమ్మదిగా తాగండి.

ఇంగ్లిష్ మందులకు ముందూ వెనకా కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లు కషాయాన్ని టిఫిన్ తర్వాతకు మార్చండి.

పథ్యం కష్టమైందేమీ కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు, ఐస్‌నీళ్లు, నూనెలో వేయించినవి, అతి కారం కషాయం వాడే రోజుల్లో మానాలి. చిక్కటి కాఫీ, టీ గంట ఎడంతో తాగండి. జిన్సెంగ్ ఉన్న కషాయం తాగుతుంటే ముల్లంగి తినకూడదని చైనా సంప్రదాయం, కాబట్టి ఆ వారం ముల్లంగి సాంబారు వద్దు. మెత్తటి అన్నం, జావ, ఉడికించిన కూరలు మంచివి. "కడుపు పదింట ఏడు పాళ్లు నిండితే చాలు" అని చైనావాళ్లు చెప్పే మాట బరువు తగ్గాలనుకునేవాళ్లు కషాయం కంటే ముందు పాటించాల్సింది.

చేదు తట్టుకోలేక పంచదార, పాలు కలపకండి. తాగి నీళ్లు పుక్కిలించండి.

### చీటీ లేకుండా చేసుకోగలిగింది ఒక్కటే

పెళ్లిభోజనమో, బిర్యానీయో ఎక్కువై కడుపు బరువుగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు చేసుకోవచ్చు: షాన్‌జా 9 గ్రాములు, చెన్‌పి 3 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్లు. 15 నిమిషాలు సన్న మంట మీద కాచి, తిన్నాక గోరువెచ్చగా తాగాలి. రెండు మూడు రోజులు చాలు.

పరగడుపున వద్దు. షాన్‌జాలోని వగరు పదార్థం ఖాళీ కడుపులో ఆమ్లంతో కలిసి గడ్డకట్టే ప్రమాదం ఉంది. అల్సర్, పుల్లటి తేన్పులు, గర్భం ఉన్నవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు దీన్ని తాగకూడదు.

దుకాణాల్లో ఎక్కువగా అడిగే బావోహెవాన్ మాత్రలు కూడా ఇదే పనికి. షాన్‌జాతోపాటు ముల్లంగి గింజలు, షెన్‌చూ, బన్‌షియా వంటివి అందులో ఉంటాయి. తేనెతో చేసిన పెద్ద ఉండలు షుగర్ ఉన్నవాళ్లకు పడవు. ఎప్పుడూ నీరసంగా ఉండి ఏదీ అరగనివాళ్లు వీటిని నెలల తరబడి వాడితే ఉన్న శక్తి కూడా తగ్గుతుందని చైనా వైద్యులే హెచ్చరిస్తారు.

## 9. బరువు తగ్గించే మందుల్లో దూరం పెట్టాల్సినవి

ఈ భాగం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మాహువాంగ్. ఇందులో ఎఫెడ్రిన్ ఉంటుంది. గుండె దడ, బీపీ, పక్షవాతం ప్రమాదం. ఎఫెడ్రా ఉన్న ఆహార పూరకాలను అమెరికా 2004లో నిషేధించింది. జపాన్‌లో పొట్ట తగ్గడానికి మందుల షాపుల్లో అమ్మే బోఫుత్సుషోసాన్‌లోని 18 ద్రవ్యాల్లో ఇదీ ఉంది, కింద చెప్పే దాహువాంగ్ కూడా ఉంది. జపాన్ నుంచి ఎవరైనా తెచ్చి ఇచ్చినా మొహమాటపడకుండా వద్దనండి.

దాహువాంగ్, ఫాన్‌షియేయె. స్లిమ్మింగ్ టీ డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. ఫాన్‌షియేయె అంటే మన సునాముఖి ఆకే. రెండు రోజుల్లో కిలో తగ్గినట్టు కనిపించేది నీళ్లు పోవడం వల్ల. వారాల తరబడి తాగితే పొటాషియం పడిపోతుంది, తర్వాత టీ లేకుండా విరేచనం కాని స్థితి వస్తుంది. జుయెమింగ్‌జి, అంటే పొలం గట్ల మీది తగిరిస జాతి గింజలు, ఇంతకంటే మృదువైనవే కానీ దారి ఇదే.

అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్నవి. 1990 తర్వాత బ్రసెల్స్‌లోని ఒక స్లిమ్మింగ్ క్లినిక్‌లో ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్‌జీ అనే మూలికకు బదులు ఈ ఆమ్లం ఉన్న గువాంగ్‌ఫాంగ్‌జీ అనే వేరే మొక్క కలిసింది. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల జరిగిన ఆ తారుమారుకు వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు, కొందరికి మూత్రనాళ క్యాన్సర్లు వచ్చాయి. చైనా 2003లో గ్వాన్‌ముతోంగ్ అనే ఇలాంటి మరో మూలికను పక్కన పెట్టింది. బరువు కోసం రాసిన చీటీలో ఫాంగ్‌జీ, ముతోంగ్ అన్న పేర్లు కనిపిస్తే తీసుకోకండి.

రహస్యంగా కలిపిన రసాయనాలు. సిబుట్రామిన్ అనే ఆకలి చంపే మందును గుండెపోటు, పక్షవాతం ప్రమాదం వల్ల అమెరికా, యూరప్, చైనా 2010లో మార్కెట్ నుంచి తీసేశాయి. "నూరు శాతం మూలికలే" అని రాసిన క్యాప్సూళ్లలో ఇప్పటికీ ఇది పట్టుబడుతూనే ఉంది. మాత్ర వేసుకున్న మొదటి రోజే ఆకలి పూర్తిగా పోయి, నోరు ఎండి, నిద్ర పట్టక, గుండె దడదడలాడితే అది మూలిక పని కాదు. వెంటనే ఆపండి.

అతిమధురం ఎక్కువ రోజులు. ఇది విషం కాదు, దాదాపు ప్రతి చీటీలో ఉంటుంది. కానీ నెలల తరబడి తాగితే ఒళ్లు నీరుపట్టి, బీపీ పెరిగి, పొటాషియం తగ్గుతుంది. బరువు తగ్గడానికి తాగుతూ బరువు పెరుగుతున్నారంటే ముందు దీన్నే అనుమానించాలి. హైజావ్ అనే సముద్రపు నాచుతో దీన్ని కలపకూడదని చైనా వైద్యంలో పాత నియమం. నాచు కలిపిన స్లిమ్మింగ్ పొడులు తాగేవాళ్లు వైద్యుడికి ఆ సంగతి చెప్పాలి. థైరాయిడ్ ఉన్నవాళ్లకు నాచులోని అయోడిన్ మరో సమస్య.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గం

అడుగంటింది. నీళ్లు పోసి మళ్లీ కాచకండి. ఆ రోజు పొట్లం పారేయండి.

నీళ్లు మిగిలిపోయాయి, ఒక్కో భాగమే గ్లాసున్నర వచ్చింది. మూలికలు తీసేసి ద్రవాన్ని మాత్రమే మరిగించి తగ్గించండి. మరుసటి రోజు నీళ్లు తగ్గించి పోయండి.

చివర్లో వేయాల్సినవి మొదట్లోనే వేసేశారు. ప్రమాదం లేదు, గుణం తగ్గుతుంది. తాగవచ్చు.

ఒక పూట మర్చిపోయారు. తర్వాతి పూట రెండింతలు తాగవద్దు.

కషాయం తాగగానే కడుపులో తిప్పుతోంది. కొద్దికొద్దిగా తాగండి, ముందు ఒక ముక్క అల్లం నమలండి. రెండు రోజులైనా అలాగే ఉంటే కూర్పు మీకు పడలేదు, వైద్యుడికి చెప్పి మార్పించండి.

పక్కింటివాళ్లకు గుణమిచ్చిందని అదే చీటీతో కొన్నారు. వాళ్ల నాలుక, మీ నాలుక ఒకటి కాదు. చల్లదనం వల్ల అరగనివాళ్లకు ఇచ్చే మందు కడుపులో వేడి ఉన్నవాళ్లకు మంట పెంచుతుంది.

ఆయుర్వేద చూర్ణం, కషాయం రెండూ కలిపి వాడుతున్నారు. త్రిఫల, సునాముఖి, దాహువాంగ్ కలిస్తే విరేచనాలు అదుపు తప్పుతాయి. ఒక సమయంలో ఒకే పద్ధతి.

రోజూ బరువు చూసుకుని దిగులు. వారానికి ఒకసారి, పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే తూకం మీద చూడండి. దాంతోపాటు నడుము కొలవండి.

## 11. ఎప్పుడు ఆపాలి

వారంలో ఉబ్బరం, ఆకలి, మలం వీటిలో ఒక్కటీ మారకపోతే వైద్యుడిని మళ్లీ కలవాలి. మూడు నాలుగు వారాలకూ తేడా లేకపోతే ఆపి, డాక్టర్ దగ్గర హెచ్ పైలోరీ (కడుపులో చేరే బ్యాక్టీరియా), థైరాయిడ్ పరీక్షల గురించి మాట్లాడండి. సమస్య తగ్గితే కూడా ఆపాలి. జీవితాంతం తాగే కషాయం కాదిది.

ఇవి కనిపిస్తే ఆ పూటే ఆపి ఆసుపత్రికి వెళ్లండి:

- కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు
- మూత్రం తగ్గడం, మొహం, కాళ్లు ఉబ్బడం
- గుండె దడ, ఛాతీ నొప్పి
- దద్దుర్లు, ఆయాసం
- పొడి దగ్గు, జ్వరంతో ఊపిరి అందకపోవడం
- పెదవులు, నాలుక తిమ్మిరెక్కడం
- కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం

వెళ్లేటప్పుడు చీటీ, మిగిలిన ఒక పొట్లం, మాత్రల డబ్బా వెంట తీసుకెళ్లండి. మూలికల పేర్లు తెలిస్తే అక్కడి డాక్టర్ సగం పరీక్షలు తప్పించగలరు. అందుకని కోర్సు అయిపోయేదాకా ప్రతి కొత్త పొట్లం తెచ్చిన రోజే చీటీని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి.